డాడీ నగర్ పడవలు

ఢిల్లీ పొలిమేరలోని వైశాలిలో ఎక్కిన మెట్రో యమున వంతెన మీదికి రాగానే సదాశివరావు గారు కళ్లు మూసుకుంటారు. వంతెన దాటాక తెరుస్తారు. మధ్యలో ఉన్నది ఒకటిన్నర నిమిషం. చూసినవాళ్లు పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, ఒకరోజు పక్కన కూర్చున్నప్పుడు దిగాల్సిన స్టేషన్ దాటిపోతుందేమోనని మోచేత్తో తట్టాను. ఆయన విసుక్కోలేదు.

"నిద్ర కాదమ్మాయ్. పడవలో ఉన్నా. ఒడ్డుకి రానీ," అన్నారు.

అప్పుడే నాకు ఆయన మీద అనుమానం వచ్చింది. ఢిల్లీలో ముప్పై ఆరేళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టుకుని తీరుతుంది. కొందరికి ప్రమోషన్ల పిచ్చి, కొందరికి కాలనీ అసోసియేషన్ పిచ్చి. ఈయనకి పడవ కాబోలు అనుకున్నాను.

సదాశివరావు గారిది రేపల్లె దగ్గర. ఆర్‌కే పురంలో నదుల వ్యవహారం చూసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. దేశంలో ఉన్న నదులన్నీ గీశారు. మొదట ట్రేసింగ్ కాగితం మీద, తర్వాత కంప్యూటర్లో. గోదావరయినా బ్రహ్మపుత్రయినా ఆయన చేతికింద ఒక నీలం గీత. వాటిలో చాలావాటిని ఆయన కళ్లతో చూడలేదు. నది దగ్గరికి ఇంజనీర్లు వెళతారు, డ్రాఫ్ట్స్‌మన్‌ని ఎవరు పంపిస్తారు? ఆయన రోజూ చూసిన నది యమున ఒక్కటే, అదీ రైలు కిటికీలోంచి, నల్లటి నీళ్ల మీద తెల్లటి నురగతో. అందుకే కళ్లు మూసుకుంటారని తర్వాత తెలిసింది.

నా పేరు రేవతి. మాది హనుమకొండ. వైశాలిలో వాళ్ల ఎదురు ఫ్లాట్‌లో అద్దెకుంటాను. నోయిడాలో వీడియో గేముల పని చేసే చిన్న కంపెనీలో ఉద్యోగం. గేములు తయారుచేస్తానని మా అమ్మ చుట్టాలకి చెప్పుకుంటుంది గానీ అంత సీన్ లేదు. ఎవరో ఎక్కడో తయారుచేసిన ఆటని ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి మోస్తాం. కన్సోల్ కోసం, అంటే టీవీ కింద పెట్టుకునే ఆటపెట్టె కోసం, పుట్టిన ఆట ఇప్పుడు ఫోన్లో ఆడాలి, లాప్‌టాప్‌లో ఆడాలి, పెట్టె అక్కర్లేకుండా నేరుగా టీవీలోనూ ఆడాలి. ఒకరు ఇంట్లో పెట్టె ముందు కూర్చుని, ఇంకొకరు బస్సులో ఫోన్ పట్టుకుని ఒకే ఆటలో కలవాలి. ఇదంతా సరిగా జరుగుతోందా అని రోజంతా పరీక్షించడం నా పని. మా మీటింగుల్లో ఏడాదికోసారి ఎవడో ఒకడు లేచి కన్సోల్ పని అయిపోయిందంటాడు. ఆ మరుసటేడు కొత్త కన్సోల్ వస్తుంది, జనం ఎగబడి కొంటారు. అలా అన్నవాడు ముందు వరసలో ఉంటాడు. అందుకే భవిష్యత్తు గురించి ఎవరేం చెప్పినా నాకు నమ్మబుద్ధి కాదు.

ఒక సాయంత్రం లిఫ్ట్ పనిచేయక మెట్లెక్కి వస్తుంటే, వాళ్ల తలుపు వెనకనుంచి గంట వినిపించింది. ఒకసారి మోగి, కాస్త ఆగి మళ్లీ మోగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గంటని నేను ఆఫీసులో రోజుకి నాలుగు వందలసార్లు వింటాను. ఊరు కట్టుకునే ఒక ఆటలో, పడవ రేవుకి చేరినప్పుడు మోగే గంట అది. ఆర్నెల్లుగా ఆ ఆటనే మేం పాత పెట్టెలోంచి ఫోన్లలోకి మోస్తున్నాం. ఆఫీసు నన్ను ఇంటిదాకా తరుముకొచ్చిందనుకుని వాళ్ల తలుపు కొట్టాను.

ఆయన భార్య లీలావతి ఆంటీ తలుపు తీసింది. "రా రేవతీ. మీ అంకుల్ ఇంట్లో లేరు, ఊళ్లో ఉన్నారు," అంది లోపలికి చూపిస్తూ.

సదాశివరావు గారు చాప మీద బాసింపట్టు వేసుకుని, చేతిలో కంట్రోలర్‌తో టీవీ ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే వెన్నదొంగలా ముఖం పెట్టి టీవీ కట్టేయబోయారు.

"కట్టెయ్యకుండ్రి అంకుల్. జర చూడనియ్యిండ్రి," అన్నాను.

నేను ఆ ఆటలో వందల ఊళ్లు చూశాను. అన్నీ ఒకేలా ఉంటాయి, రోడ్లూ మేడలూ వంతెనలూ. ఈ ఊళ్లో రోడ్డన్నదే లేదు. అటూ ఇటూ కనుచూపుమేరా నది, దానికి వేళ్లలా విడిపోయిన పాయలు, ప్రతి పాయ చివరా ఒక రేవు. నీళ్లు లేత నీలంగా, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. మెట్ల మీద మనుషులు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ తొందర లేదు. తెరచాపలు లేని చిన్న చిన్న పడవలు వచ్చి ఆగి, గంట కొట్టి, కదిలిపోతున్నాయి. కాసేపటికి ఆ రేవుల అమరిక ఎక్కడో చూసినట్టు అనిపించింది. అది ఢిల్లీ. తూర్పున వైశాలి, నది దాటితే మండీ హౌస్, ఇంకా ముందుకెళితే ధౌలా కువాన్, జియా సరాయ్, ఆర్‌కే పురం. ఢిల్లీలో మెట్రో ఆగే చోట్లే కాదు, ఆగని చోట్ల కూడా ఆయన ఊళ్లో పడవ ఆగుతుంది. సాయంత్రపు ఎండ నీళ్ల మీద పడి, ఆ వెలుగు ఇళ్ల గోడల మీద కదులుతోంది. నేను కూర్చున్న గది కూడా మెల్లగా ఊగుతున్నట్టు అనిపించింది.

తెర మూలన ఊరికి వచ్చిన మార్కులు కనిపించాయి. వందకి పదకొండు.

"ఒక్క వంతెన కడితే మార్కులు యాభైకి పోతయి అంకుల్," అన్నాను, ఆఫీసు బుద్ధి ఊరుకోక.

"వంతెన కడితే రైలొస్తది. రైలొస్తే ఒకటిన్నర నిమిషంలో దాటేస్తారమ్మాయ్. ఇక నది ఎందుకు?" అన్నారాయన.

ఆ ఊరి పేరు డాడీ నగర్. ఆ పేరు పెట్టింది ఆయన కాదు, కూతురు ఇషిత. దానికి పదకొండేళ్లప్పుడు ఆ పెట్టె కొన్నారు. ఢిల్లీలో కాలనీలన్నీ నగర్లే కాబట్టి అది కూడా తన ఊరికి నగర్ తగిలించింది. నాలుగు ఇళ్లు, ఒక రేవు, ఒక పడవ పెట్టింది. పదో తరగతికి వచ్చాక ఆట మానేసింది. తర్వాత ధౌలా కువాన్‌లో డిగ్రీ, జియా సరాయ్‌లో కోచింగ్, చివరికి హైదరాబాదులో ఉద్యోగం. ఢిల్లీలో పుట్టి తెలుగు అర్థం చేసుకోవడమే తప్ప మాట్లాడని పిల్ల, అక్కడికెళ్లి ఆటోవాళ్లతో తెలుగు నేర్చుకుంటోందని ఆంటీ నవ్వుతుంది.

ఇషిత ఆట మానేసిన ఏడే ఒకనాడు దుమ్ము దులుపుతూ సదాశివరావు గారు ఆ పెట్టె ఆన్ చేశారు. రేవులో పడవ ఆగి ఉంది, పడవవాడు గంట కొడుతున్నాడు, ఎక్కేవాళ్లు లేరు. "పాపం వాడు ఎన్నాళ్లనుంచి కొడుతున్నాడో," అనిపించిందట. ఎదురుగా ఇంకో రేవు కట్టారు. అంతే, తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు, చాప మీద. ఈ సంగతి ఇషితకి తెలియదు. పెట్టె ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేశారనుకుంటోంది. అరవయ్యేళ్లకి దగ్గరపడ్డ మనిషి బొమ్మల ఊరు కట్టుకుంటున్నాడని చెప్పుకోవడానికి ఆయనకి సిగ్గు.

ఆ తర్వాత నేను కూడా ఏడింటికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. రోజంతా అదే ఆటతో చచ్చి, మళ్లీ సాయంత్రం అదే చూడ్డమేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కానీ అక్కడ కూర్చుంటే నా లోపల ఏదో చల్లబడేది. ఆంటీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండేది. కూలర్ చప్పుడు నీళ్ల చప్పుడులో కలిసిపోయేది.

ఒకసారి ఆయనే అడిగారు. "ఈ పెట్టెలు ఇక రావంటావా?"

"వస్తయి. కానీ ఆట పెట్టెలోనే ఉండాలన్న పట్టుదల పోతున్నది అంకుల్. ఫోన్ల మొదలుపెట్టి, టీవీల ఆడి, ఇంకెక్కడన్న ముగించొచ్చు. ఎక్కడైనా, ఎప్పుడైనా."

"ఎప్పుడైనా ఆడేదాన్ని మరి ఎప్పుడు ఆపాలి?" అన్నారు. దానికి జవాబు మా కంపెనీ స్లైడ్లలో లేదు.

మే నెల చివర్లో ఆయన ఆట తెరవగానే ఊరికి బదులు ఒక నోటీసు వచ్చింది. పాత పెట్టెలో ఈ ఆట జూన్ పదిహేనున ఆగిపోతుంది. ఊళ్లన్నీ ఆట కంపెనీ సర్వర్లలో ఉన్నాయి కాబట్టి, ఆ లోపల కొత్త ఆటలోకి బదిలీ చేసుకోవచ్చు. బదిలీ అయిన ఊరు ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. బదిలీ చేసుకోని ఊళ్లు చెరిగిపోతాయి.

ఆ తేదీ నాకు ఆర్నెల్ల ముందే తెలుసు. ఆఫీసు విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి ఆయన పక్కన కూర్చుని కూడా నోరు మూసుకున్నాను. ఆయన ఆ నోటీసుని రెండుసార్లు చదివి, "బదిలీయే కదా. ప్రభుత్వ ఉద్యోగికి బదిలీ కొత్తా?" అని నవ్వారు.

బదిలీ కావాలంటే ఖాతాలోకి కొత్తగా ప్రవేశించాలి. ఖాతా సదాశివరావు గారి పేరు మీదే ఉంది గానీ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఇచ్చిన ఈమెయిల్ ఇషితకి బడివాళ్లు ఇచ్చింది, అది ఇప్పుడు పనిచేయదు. మిగిలిన దారి ఒకటే. ఖాతాదారు తన పుట్టినతేదీ చెప్పి నిరూపించుకోవాలి.

"శనివారం నేను కూసుండి చేస్త, మీరేం ముట్టకుండ్రి," అని చెప్పి ఆఫీసుకి వెళ్లాను. శుక్రవారం సాయంత్రానికి ఆయన చేసేశారు. తొమ్మిదేళ్లు కట్టిన ఊరు పోతుందంటే మనిషి ఆగుతాడా? కానీ చేసిన పద్ధతి చూసి నేను తల పట్టుకున్నాను. రెండు పేజీల ఉత్తరం. పైన విషయం, దాని కింద మీ ఫలానా తేదీ నోటీసుని ఉటంకిస్తూ అని మొదలు, చివర జతపరచినవి ఒకటి, రెండు, మూడు. పదో తరగతి సర్టిఫికెట్ నకలు, దాని మీద స్వయంగా ధ్రువీకరించిన సంతకం. ఆధార్. సర్వీసు పుస్తకంలో మొదటి పేజీ. అడిగింది ఒక్క తేదీ. ఈయన తిరుగులేని రుజువులు మూడు పంపించారు.

మరుసటి మంగళవారం నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. మీరు పంపిన పత్రాల్లోని తేదీ ఖాతాలోని తేదీతో సరిపోలేదు. మీరు ఖాతాదారు కారని భావిస్తున్నాం. ఇంకొక్కసారి మాత్రమే అవకాశం ఉంది. అదీ తప్పితే ఖాతా శాశ్వతంగా మూసివేయబడుతుంది.

గడువు ఇంకా ఐదు రోజులు ఉంది. సదాశివరావు గారు ఆ జవాబుని ప్రింటు తీయించి తెచ్చారు.

"సర్టిఫికెట్ తేదీ కాదంటే అసలు తేదీ అయ్యుంటది," అన్నారు.

"అసలు తేదీ ఏంది అంకుల్? తేదీలు ఎన్ని ఉంటయి మనిషికి?"

రెండు ఉన్నాయి. బడిలో వేసినప్పుడు హెడ్మాస్టరు, వయసు చాలదని, అరవై ఐదు జూలై ఒకటి అని రాసేశాడు. ఆయన అమ్మ చెప్పిన లెక్క వేరే. కార్తీక పౌర్ణమి వెళ్లిన మూడోనాడు, ఏడాదిన్నర తర్వాత. ఆఫీసు లైబ్రరీలో పాత పంచాంగం తిరగేసి, అరవై ఆరు నవంబరు ముప్పై అని ఆయనే తేల్చుకున్నారు. ఈ నెలాఖరున రిటైరయ్యేది హెడ్మాస్టరు తేదీ ప్రకారం. ఈ రెండింటి మధ్య నలిగి ఆ ఇంట్లో ఆయన పుట్టినరోజు ఏనాడూ జరగలేదు.

"ఇది ఆఫీసు కాయితం కాదు గదా. ఆటే గదా అని అమ్మ చెప్పిన తేదీ వేసుంటా. అదే పంపించు," అన్నారు.

"వేసిన్రా? వేసుంటరా?"

ఆయనకి గట్టిగా గుర్తులేదు. నేను పంపించలేదు. బయట ఎర్రగా దుమ్ముగాలి లేచింది. ఆంటీ కిటికీలు మూసింది. గది మసకబడి, టీవీలో నది ఒక్కటే వెలుగుతోంది. అది ఆదివారం తర్వాత ఉండదేమోనన్న భయం ముగ్గురిలోనూ ఉంది. ఆయన దాన్ని చూస్తూ, నాతో కాదు, తనలో తాను అన్నట్టు మాట్లాడారు.

"పోనీలే. ఈ ఏడు కూడా దీపాల పండగ చూశా."

"దీపాల పండగ ఏంది?"

"మా ఊళ్లో పండగమ్మాయ్. ఏటా ఫిబ్రవరి పద్దెనిమిదిన నది నిండా దీపాలొస్తాయి. ఎవరు వదులుతారో తెలీదు. ఊరు పుట్టినరోజేమో అనుకుంటా. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి వస్తా. దీపాలన్నీ పాయల్లోకి విడిపోయి, ఒక్కో రేవూ దాటుకుంటా పోతాయి. ఆ పూట నేనేం కట్టను. ఊరికే చూస్తా కూర్చుంటా."

ఆంటీ ఆశ్చర్యంగా చూసింది. ఆ సగం రోజు సెలవులు డాక్టరు కోసమని ఆమె అనుకుంటోంది. నాకు మాత్రం విషయం తెలిసిపోయింది. ఆ దీపాలు ఏ పండగవీ కావు. ఖాతాదారు పుట్టినరోజున ఆట పంపే కానుక అది. ఫోన్లో దీపాలు సరిగా తేలడం లేదని మార్చిలో వారం రోజులు దానిమీదే కొట్టుకున్నాను.

"అంకుల్, ఫిబ్రవరి పద్దెనిమిది మీ పుట్టినరోజు," అన్నాను.

"నాకు మూడో తేదీ ఎక్కడిది?" అన్నారాయన అయోమయంగా.

ఆంటీ ఇక ఆగలేదు. ఇషితకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన చేతులు అడ్డం పెడుతున్నా వినకుండా పెట్టె సంగతీ, ఊరి సంగతీ, తొమ్మిదేళ్ల సాయంత్రాల సంగతీ మొత్తం చెప్పేసింది.

"డాడీ, డాడీ నగర్ అభీ భీ హై?" అంది ఇషిత. ఇంకా ఉందా అని. తర్వాత, "వో డేట్ మైనే డాలీ థీ," అంది. ఆ తేదీ వేసింది తనే.

మిగతాది హిందీలోనూ ఇంగ్లీషులోనూ తడబడుతూ చెప్పింది. పెట్టె ఇంటికి వచ్చిన రోజు అది. తేదీ అడిగితే ముందు తనది వేసింది. చిన్నపిల్లలకి ఖాతా ఇవ్వం అంది యంత్రం. నాన్న పేరు పెట్టింది గానీ నాన్న పుట్టినరోజు దానికి తెలియదు. ఎప్పుడడిగినా ఆఫీసుదా, నాయనమ్మదా అని ఎదురడిగేవారు. ఆ వారమే కింది ఫ్లాట్ శర్మ అంకుల్ రిటైరై, సామాన్లు లారీకెక్కించి కుటుంబంతో సహా వెళ్లిపోయారు. ఆ ఇంటి పిల్ల దీని స్నేహితురాలు. రిటైరైతే అందరూ ఢిల్లీ వదిలి వెళ్లిపోతారని అప్పుడే దానికి తెలిసింది.

"అందుకని నిన్ను యంగ్ చేసేశా డాడీ," అంది హిందీలోనే. "ఏడాది వెనక ఏడాది తగ్గించుకుంటూ వచ్చా. మషీన్ ఒప్పుకున్నంత చిన్నగా. పద్దెనిమిదికన్నా తగ్గనివ్వలేదు."

ఆ రోజుకి సరిగ్గా పద్దెనిమిదేళ్లు. తొంభై ఐదు ఫిబ్రవరి పద్దెనిమిది. ఆట లెక్కలో సదాశివరావు గారికి ఇప్పుడు ముప్పై. ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. నేను కూడా కూలర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

నేను ఫారం తెరిచి తేదీ నింపాను. కింద ఒక వాక్యం ఉంది. పైన రాసినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను. ఆయన సంతకం చేసి ఫొటో తీసి పెట్టాలి. కలం తీసుకుని, ఆ వాక్యం చదివి, కలం కింద పెట్టేశారు.

"ఇది తప్పుడు తేదీ గదమ్మాయ్."

"అంకుల్, వాళ్లకు కావల్సింది ఖాతాల ఉన్న తేదీనే. ఎవరికీ నష్టం లేదు."

"నిజమని సంతకం పెట్టమంటున్నారు. ముప్పై ఆరేళ్లలో ఒక్క అబద్ధపు కాయితం మీద సంతకం చెయ్యలా. ఇంకో ఇరవై రోజుల్లో రిటైరవుతున్నా. విజిలెన్స్ వాళ్ల క్లియరెన్స్ కూడా వచ్చేసింది. ఇప్పుడు చెయ్యమంటావా? ఊరు పోతే పోనీ."

నాకు కోపం నషాళానికంటింది. బొమ్మల ఊరికి విజిలెన్స్ ఏమిటని అరవబోయాను. కానీ ఆయన టీవీ వైపు చూడటం లేదు. ఆ ఊరు పోతే ఆయనకి మిగిలేది కిటికీలోంచి కనిపించే నల్లటి నీళ్లే. అది తెలిసే అంటున్నారు. ఆ మొండితనం చూస్తే గౌరవమూ కలిగింది, దిగులూ వేసింది.

ఆంటీ ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి లేచింది. ఆమె గొంతు పెంచడం నేను అంతకుముందు వినలేదు.

"అబద్ధం మీద సంతకం చెయ్యలేదా? మీ సర్వీసంతా ఏ తేదీ మీద చేశారండీ? ఆ హెడ్మాస్టరు మీకేమవుతాడు? బడి రిజిస్టరు నింపుకోటానికి నోటికొచ్చిన తేదీ రాశాడు. దానికింద ముప్పై ఆరేళ్లు సంతకాలు పెట్టారే. మనం ఇక్కడే ఉండాలని ఈ పిల్ల రాసిన తేదీ కింద ఒక్క సంతకం పెట్టలేరా?"

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. అవతల ఇషిత ఊపిరి వినిపిస్తోంది.

సదాశివరావు గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. కలం తీసుకున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి, సంతకం అచ్చు గుద్దినట్టు పడింది. తేదీ మళ్లీ సరిచూసి, ఎందుకో తొంభై ఐదు అన్న అంకెని వేలితో ఒకసారి తడిమి నాకిచ్చారు.

గడువుకి ఒకరోజు ముందు డాడీ నగర్ బదిలీ అయింది.

జూన్ ముప్పైన ఆయనకి ఆఫీసులో శాలువా కప్పి, దండ వేసి, ఆనవాయితీ ప్రకారం నలుగురు సహోద్యోగులు కారులో ఇంటిదాకా దిగబెట్టి, సమోసాలు తిని వెళ్లారు. ఫ్లాట్ అమ్మి గుంటూరు వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అన్నది ఆ ఇంట్లో ఏడాదిగా నలుగుతున్న మాట. వచ్చినవాళ్లూ అదే అడిగారు. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఏడింటికి నేను నా లాప్‌టాప్‌ని వాళ్ల టీవీకి కలిపాను. మెట్రోలో ఆడుకోవచ్చు, పార్కులో ఆడుకోవచ్చు అని ఎంత చెప్పినా ఆయన ఆ చాప మీదే, ఆ టీవీ ముందే కూర్చున్నారు. హైదరాబాదులో ఇషిత తన హాస్టల్ గదిలో ఫోన్ తెరిచింది. మొదటి రేవులో ఎర్ర గొడుగు పట్టుకున్న చిన్న బొమ్మ ప్రత్యక్షమైంది. తొమ్మిదేళ్లలో ఆ ఊళ్లోకి బయటినుంచి వచ్చిన మొదటి మనిషి.

తను పెట్టిన నాలుగు ఇళ్ల దగ్గర కాసేపు నిలబడింది. అవి అలాగే ఉన్నాయి. తర్వాత రేవు నుంచి రేవుకి తిరిగింది. ధౌలా కువాన్ రేవులో ఆగింది. జియా సరాయ్ రేవులో ఇంకా ఎక్కువసేపు ఆగింది. తను ఎక్కడ చదువుకుంటే అక్కడికి ఆయన ఒక పాయ తవ్వుకుంటూ వెళ్లారని నాకు అప్పుడే అర్థమైంది. నీళ్ల మీద వెలుగు సన్నగా కదులుతోంది. హైదరాబాదూ వైశాలీ ఎక్కడున్నాయో, ఆ గంటసేపు మాకు తెలియదు.

చివరికి ఫోన్లోంచి ఇషిత గొంతు వచ్చింది. తెలుగులో. ఆటోవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ.

"డాడీ, రిటైర్ అయినవు గదా. ఢిల్లీ ఇడిసి పోతవా?"

పన్నెండేళ్లుగా అడగాలనుకున్న ప్రశ్న అది. ఆంటీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సదాశివరావు గారు పడవని ఎర్ర గొడుగు పక్కకి తెచ్చి ఆపారు.

"ఎక్కడికెళతానే?" అన్నారు. "నాకింకా ముప్పై ఏళ్ల సర్వీసుంది. ఎక్కు."